బావ వేసిన ముడి

బావ పోయిన రోజు నిజాంసాగర్ గేట్లు వాటంతట అవే లేచాయనీ, మంజీర గంటసేపు వెనక్కి పారిందనీ బీర్కూరు బస్సులో చెప్పాను. సగం బస్సు నమ్మింది. గేట్లు లేవలేదు. అది మండు వేసవి, ప్రాజెక్టులో నీళ్లు అడుగున ఎక్కడో ఉన్నాయి. మంజీర పారనే లేదు, ఇక వెనక్కేమిటి, ముందుకేమిటి. కానీ ఆయన పోయాడని మామూలుగా చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ రూట్లోనే కండక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఖాళీ బస్సులో కూడా ఏదో ఒకటి చెప్తూ ఉండటం అలవాటు.

మేం నిజంగా బావా బావమరుదులం కాము. బాన్సువాడలో ఒకే గల్లీ వాళ్లం. చిన్నప్పుడు ఎవరు ఎవరిని ముందు "బావా" అన్నారో తెలియదు, అది అలాగే ఉండిపోయింది. ఆయన భార్య నాకు చెల్లె అయింది. ఆమె నన్ను "అన్నా" అంటుంది. ఆ మాట ఇప్పుడు వింటే తల ఎత్తలేకపోతున్నాను. ఎందుకో చెప్తాను, కొంచెం ఆగండి.

మస్కట్ నుంచి బొంబాయి దాకా ఆయన సముద్రాన్ని ఒంటరిగా తెడ్డేసుకుంటూ వచ్చాడని చాలా ఏళ్లు ప్రచారం చేశాను. విమానంలోనే వచ్చాడు, అందరిలాగే, రెండు దుప్పట్లూ ఒక అత్తరు సీసాతో. అక్కడ సముద్రం ఒడ్డున సన్నటి పడవలు కిరాయికిచ్చే చోట పనిచేశాడు. కయాక్ అంటారట వాటిని. మొదట కడిగే పని. తర్వాత మోసే పని. ఆ తర్వాత, కొండల కింద ఎవరూ అడుగుపెట్టని ఒడ్లకు వచ్చినవాళ్లను తీసుకుపోయి, నీళ్లు తిరగబడకముందే వెనక్కి తెచ్చే పని. ఈదటం కూడా అక్కడికి పోయాకే నేర్చుకున్నాడు.

వచ్చేసినప్పుడు ప్లాటు కొంటాడనుకున్నాం. ఆరు నెలలకు ఒక డీసీఎం వ్యాను గల్లీలోకి వచ్చి ఆగింది. పైన తాళ్లతో కట్టి, ఆకుపచ్చగా, రెండు కొసలూ మొనదేలి, మధ్యలో రెండు సీట్లతో ఒక ప్లాస్టిక్ పడవ. గల్లీ అంతా పోగైంది.

"ఏందే ఇది, బెండకాయనా?" అన్నాను నేనే.

"బెండకాయనే. కూర వండుకుంటం. నీకు పెట్టం," అన్నాడు.

"మన ఊర్ల సముద్రం యాడుంది బావా?"

"ఊర్ల లేదని మనిషిల ఉండొద్దా?"

చెల్లె గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. తలెత్తకుండానే అంది: "ఇంటి మీద రేకులు కురుస్తున్నయి. గది బోర్లేసి పైన పెట్టు, పనికొస్తది."

ఆ రోజు నుంచి దాని పేరు బెండకాయే. నీళ్లలో లేనప్పుడు పెరట్లో రెండు ఇటుక వరసల మీద బోర్లా ఉండేది. చెల్లె తడిపిన తునికాకు కట్టలను గోనెలో చుట్టి దాని నీడలోకి తోసేది. ఆకు ఎండిపోకుండా భలే చల్లగా ఉంటుందని ఇరుగుపొరుగు బీడీల ఆడవాళ్లంతా తమ కట్టలు కూడా అక్కడే పెట్టేవాళ్లు. పడవ తీయాలంటే ముందు గల్లీ ఆడవాళ్లందరి అనుమతి కావాలి.

హోటల్లో చాయ్ తాగుతూ తాగుతూ ఆయన ఉన్నట్టుండి గోడ గడియారం వైపు చూసి, "ఇప్పుడు ఆడ నీళ్లు దిగుతుంటయి," అనేవాడు. ఎవరూ అడగరు. ఆయనా జవాబు కోసం చూడడు. సముద్రం ఆయనకు ఎక్కడో దూరాన నౌకరీ చేసుకుంటున్న మనిషి. ఇప్పుడు డ్యూటీ ఎక్కి ఉంటాడు, ఇప్పుడు దిగి ఉంటాడు అని తలచుకున్నట్టు తలచుకునేవాడు.

"ఆటుపోట్లు అంటే కష్టసుఖాలనే అనుకున్న ఇన్నొద్దులు," అన్నాను ఒకసారి.

"కష్టం గాదు, సుఖం గాదు. పోటంటే నీళ్లు వచ్చుడు, ఆటంటే పోవుడు. రోజుకు రెండుమార్లు. దినాం ముప్పావు గంట లేటు."

"మన బీర్కూర్ బస్సు లెక్క."

"బస్సు రాకపోవచ్చు. అది వస్తది."

ఆయన చేతులు ఖాళీగా ఉండేవి కావు. చెల్లె బీడీ దారం ముక్క దొరికినా, హోటల్లో పంచదార బస్తా సుతిలి దొరికినా ముడి వేసేవాడు. వేసి, మూడుసార్లు గుంజేవాడు. మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి, మూడోసారి ఒళ్లంతా వెనక్కి వాల్చి. "నీళ్లు ఉన్నకాడ ఉండవు బావా. మనం కట్టిందే ఉంటది," అనేవాడు. కోటగిరి వైపు నుంచి కూడా రైతులు తెంపుకుపోయే బర్రెల పలుపులు తెచ్చి ఆయన చేత కట్టించుకునేవాళ్లని చెప్తుంటాను. కోటగిరి అబద్ధం. మా పక్క గల్లీ నుంచి ఇద్దరు వచ్చేవాళ్లు. అయితే ఆయన కట్టిన బర్రె గుంజ పీక్కుని పోయిందే గానీ ముడి ఊడిపోయి పోయింది లేదు. అది మాత్రం నా కళ్లతో చూశాను, ఆ గుంజను ఈడ్చుకుంటూ అది మా ఇంటి ముందు నుంచే పోయింది.

"నా పెండ్లిల ఏసిన మూడు ముళ్లు సూడు, ఇంకా ఊడలే," అనేవాడు చెల్లె వినేటట్టు.

"ఊడితే ఎప్పుడో అవ్వగారింటికి పోదును," అనేది ఆమె, దారం పళ్లతో తెంపుతూ.

నాకు తెడ్డు పట్టడం ఆయనే నేర్పాడు, నిజాంసాగర్ వెనక నీళ్లలో. అక్కడ మొసలి మా పడవను తోకతో కొట్టిందని, నేను తెడ్డుతో దాని నెత్తిన ఒకటి పెట్టానని చెప్పుకున్నాను. మునిగిన తుమ్మ మొద్దు అది. పెట్టింది కూడా నేను కాదు, అదే నాకు పెట్టింది. రెండు రోజులు మోచెయ్యి వాచింది. ఆయన వెనక సీట్లో, నేను ముందు సీట్లో. ఎక్కడ తప్పు చేసినా అరిచేవాడు కాడు. "నువ్వు నీళ్లను కొడుతున్నవ్ బావా. దానితోని ఏం పగ? జర పక్కకు జరుపు, చాలు," అనేవాడు.

నిజాంసాగర్ నీళ్లు మా అందరి లాంటివి. తూము ఎత్తితే దిగుతాయి, వానొస్తే ఎక్కుతాయి. నిన్న ఉన్న చోటే ఇవాళా ఉంటాయి. చేపలవాళ్లు తెప్పను సగం ఒడ్డుకు లాగి ఇంటికి పోతారు. పొద్దున వస్తే అది అక్కడే ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ నేను చూసిన నీళ్లు అవే. ఈ మాట సాకు కోసం చెప్పటం లేదు. కాదు, సాకు కోసమే చెప్తున్నాను.

ఆయనకు ఒకే కోరిక ఉండేది. మన తూర్పు ఒడ్డును ముక్కలు ముక్కలుగా, ఏడాదికొక ముక్క, ఆ పడవలో చూడాలని. ఒక్కడే పోతే చెల్లె ఒప్పుకోదు. రెండో సీటుకు మనిషి కావాలి. ఊళ్లో ఆ పిచ్చిని వినే చెవులు నావి రెండే. అలా తొమ్మిదేళ్ల కింద, కొబ్బరికాయల కోసం పోయే ఒక వ్యాను మీద బెండకాయను కట్టుకుని, క్యాబిన్లో ముగ్గురం ఇరుక్కుని, ఒక నది సముద్రంలో కలిసే చోటికి పోయాం. ఊరి పేరు చెప్పను. వాళ్లు మాకు మంచే చేశారు.

అక్కడ నది ఒక్కటిగా కలవదు. ఉప్పుటేళ్లుగా చీలి, మడ అడవుల మధ్య నుంచి వంకర్లు పోయి, చివరికి ఇసుకతిన్నెలు తోసుకుని సముద్రంలోకి దూకుతుంది. మొదటి రోజే ఒక జాలరాయన మా పడవ చుట్టూ తిరిగి చూశాడు.

"ఏవూరండీ మీది?"

"బాన్సువాడ. నిజామాబాద్ దిక్కు," అన్నాడు బావ.

"అక్కడ సముద్రం ఉందాండీ?"

"లేదు. అందుకే తెచ్చుకున్నం," అన్నాను నేను. జాలరాయన నవ్వలేదు. మా ఇద్దరి వయసులూ చూసి, "మొగ దగ్గర జాగ్రత్తండి. ఆటు మీద పోకండి, లాగేస్తది," అన్నాడు. నది సముద్రాన్ని కలిసే నోటిని వాళ్లు మొగ అంటారు. బావ ఆయన చెయ్యి పట్టుకుని ఎంతసేపో మాట్లాడాడు, పోటు ఎప్పుడు, నీళ్లు నిలిచేది ఎంతసేపు అని. చాలాకాలానికి సొంత చుట్టాలు దొరికినట్టు ఉంది ఆయన ముఖం.

మొగలో అలలు తాటిచెట్టంత లేచాయని చెప్తాను నేను. నడుం దాకా వచ్చాయి. కానీ నేను ఏడ్చిన మాట నిజం. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు. నీళ్లు ఒకవైపు నుంచి నదివి, ఒకవైపు నుంచి సముద్రానివి, ఒకదాన్నొకటి తోసుకుంటూ మరిగే ఎసరులాగా కుతకుతలాడుతున్నాయి. బావ పడవను ఒక పక్కన ఆపి కూర్చున్నాడు. చాలాసేపు. తెడ్డు ఒడిలో పెట్టుకుని.

"ఏం చేస్తున్నం బావా?"

"కూసున్నం."

"ఎందుకు?"

"అవి మాట్లాడుకుంటున్నయి. నడుమల పోవద్దు."

కాసేపటికి ఆ కుతకుతలు తగ్గిపోయాయి. నీళ్లు చాప పరిచినట్టు అయ్యాయి. "ఇగో, గిదే. పా!" అన్నాడు. ఇద్దరం తెడ్లు వేశాం. మొగ దాటి బయటపడితే ఎదురుగా ఏమీ లేదు. ఎడమ పక్క ఒడ్డు, కనుచూపు మేర ఇసుక, దాని మీద మనిషి అడుగు లేదు. ఎర్రటి పీతలు మా నీడ పడగానే ఒక్కసారిగా కన్నాల్లోకి మాయమయ్యాయి. వెనక్కి తిరిగి చూశాను. బావ కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవటం లేదు, తెడ్డు ఆపటం లేదు. "చెల్లెకు సూపియ్యాలె బావా," అన్నాడు. చెల్లె అనడం ఏమిటి, ఆయన భార్య కదా! నా మాటే ఆయన నోట్లోకి వచ్చింది. ఆ తప్పు చెప్పి నేను పడీపడీ నవ్వాను. ఆయనా నవ్వాడు. మేమిద్దరం కలిసి అట్లా నవ్వటం అదే ఆఖరు.

రెండో రోజు మధ్యాహ్నం ఒక ఇసుకతిన్నె దగ్గర దిగాం. సన్నటి తిన్నె, ఒక పక్క ఉప్పుటేరు, మరో పక్క సముద్రం. ఏటి పక్కన ఒక మడచెట్టు. బావ పడవ తాడు ఆ చెట్టుకు కట్టాడు. మూడుసార్లు గుంజాడు. తాగే నీళ్లు అయిపోయాయి. వెనకున్న జాలరుల గుడిసెల దాకా నడిచి తెస్తానన్నాడు.

"ఇప్పుడు పోటు ఉన్నది. నువ్వు గీడనే ఉండు. పడవ జోలికి పోకు."

"నేనెందుకు పోత?"

పోయాను. నాకు ఫోటో కావాలి. హోటల్లో చూపించటానికి. తెడ్డు పట్టుకుని, పక్కన పడవ, వెనక సముద్రం. ఏటి పక్క నిలబడితే వెనక మడచెట్లు పడుతున్నాయి. బీర్కూరు చెరువు కట్ట మీద తుమ్మల్లాగే ఉన్నాయి. ఎవరు నమ్ముతారు? అందుకని తాడు విప్పాను. బావ వేసిన ముడి, విప్పటానికి గోళ్లు విరిగాయి. తాడు పట్టుకుని మోకాలిలోతు నీళ్లలో, బర్రెను తోలుకొచ్చినట్టు, తిన్నె మొన చుట్టూ తిప్పి సముద్రం పక్కకు తెచ్చాను. సగం ఒడ్డుకు లాగాను. ఫోన్‌ను చెప్పులకు ఆనించి ఫోటోలు తీసుకున్నాను. బాగా వచ్చాయి. ఎండకు కళ్లు మూతలు పడి, తువ్వాల ముఖం మీద వేసుకుని ఇసుకలో పడుకున్నాను. సగం ఒడ్డుకు లాగాను కదా. మా దగ్గర అది చాలు.

పాదాలకు నీళ్లు తగిలి లేచాను. పడవ లేదు. దూరంగా, అలలు విరిగే గీత అవతల, ఆకుపచ్చటి చుక్క ఒకటి మెల్లగా పోతోంది. ఎవరూ లేకుండా, తొందర లేకుండా.

అరవలేదు నేను. పరుగెత్తాను, ఏటి పక్కకు. మడచెట్టు కింద కూర్చున్నాను. బావ వచ్చేసరికి ఆ చుక్క కూడా లేదు.

ఆయన నీళ్ల డబ్బా కింద పెట్టాడు. నన్ను చూడలేదు. చెట్టును చూశాడు. తాడు ఉండాల్సిన చోట బెరడు మీద వేలు పెట్టి అటూ ఇటూ తడిమాడు.

"నాకు నిద్ర పట్టింది బావా," అన్నాను. అది నిజమే.

"నా ముడి ఊడింది," అన్నాడు.

నేను మాట్లాడలేదు. అంతే. నేను చెప్పిన అబద్ధాలన్నింటిలోకీ పెద్దది అదే, అందులో ఒక్క మాట కూడా లేదు.

ఆయన వెంటనే లెక్క వేశాడు. పోటు మీద ముడి ఊడితే పడవ ఏటిలోపలికి కొట్టుకుపోయి ఎక్కడో మడల్లో ఇరుక్కుంటుంది. జాలరాయన పడవలో రెండు రోజులు ఆ ఏళ్లన్నీ వెతికాం. బావ ముందు కూర్చుని మడవేళ్ల సందులన్నీ కళ్లతో దువ్వుతూ, బురదలో నడుం దాకా దిగుతూ, ఆకుపచ్చటి ఆకు కనిపించినా "అగో!" అంటూ. నేను వెనక కూర్చున్నాను. వెతకాల్సింది సముద్రం పక్క ఒడ్డు అని నాకు తెలుసు. మొదటి పూటే చెప్తే దొరికేదేమో. ప్రతి వంక దగ్గరా, ఇది దాటాక చెప్తాను అనుకున్నాను. వంకలు అయిపోయాయి.

"పోనీలెండి, మనిషన్నాక ముడి ఊడకుండా ఉంటాదా," అన్నాడు జాలరాయన, ఓదార్పుకు. బావ తన చేతులు చూసుకున్నాడు.

బాన్సువాడ వచ్చాక ఆయన మళ్లీ ముడి వేయలేదు. చెప్తే నమ్మరు, నా మాట కాబట్టి అసలే నమ్మరు. కానీ ఇది పెంచి చెప్పటం లేదు. బియ్యం సంచి మూతి కట్టాలన్నా సుతిలి నా చేతిలో పెట్టేవాడు. "నువ్వు కట్టు బావా. నా చేతి మీద భరోసా లేదు." నేను కట్టేవాణ్ణి. బర్రె పలుపుతో ఎవరొచ్చినా, "చేతగాదు, పోండ్రి," అనేవాడు. లేసులున్న బూట్లు తీసేసి చెప్పులేసుకున్నాడు. చెల్లె పెరట్లో ఖాళీ ఇటుక వరసల మీద చాలాకాలం ఆకు కట్టలు అలాగే పెట్టింది, ఎండకు ఎండిపోతున్నా. హోటల్లో గడియారం కేసి చూడటం మానేశాడు.

"ఇప్పుడు ఆడ పోటా, ఆటా బావా?" అని నేనే అడిగేవాణ్ణి, ఏదో ఒకటి మాట్లాడించాలని.

"నాకేం ఎరుక. ఆడున్నోళ్లను అడుగు."

నా ఫోటో మాత్రం ఊరంతా చూసింది. జుక్కల్‌లో ఉన్న మా చుట్టాలు కూడా చూశారు. ఆయనకు తప్ప అందరికీ చూపించాను. ఒక్క చూపు చాలు ఆయనకు. చెట్టు ఏదీ, తాడు ఏదీ, వెనక సముద్రమేంది అని.

మొన్న వేసవిలో ఊపిరితిత్తుల్లో నీరు చేరి దవాఖానలో పడ్డాడు. మూడో రోజు నేను పోయాను. చెల్లె నన్ను చూడగానే లేచింది. "నువ్వు జర కూసో అన్నా, నేను చాయ్ తాగొస్త. నువ్వొస్తేనే ఈయన ముఖం తెలివైతది." ఆమె పోయింది. స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకున్నాను. తర్వాత చెప్పాను. ఫోటో సంగతి, తాడు సంగతి, నిద్ర సంగతి. పెంచలేదు, తగ్గించలేదు. జీవితంలో ఒకే ఒకసారి సాఫ్‌గా చెప్పాను.

ఆయన పైకప్పు చూస్తూ విన్నాడు.

"ఏ దిక్కు పెట్టినవ్?"

"సముద్రం దిక్కు."

"పోయేది సూసినవా?"

"చూసిన."

"రెండు దినాలు ఏరంత తిరిగిన. నువ్వు నా ఎన్క కూసోని సూసినవ్."

"నీ ముడి ఊడలే బావా. విప్పుతుంటే నా గోళ్లు విరిగినయి."

ఆయన దుప్పటి మీది తన కుడిచెయ్యిని ఎడంచేత్తో పట్టుకున్నాడు. ఎవరిదో చెయ్యి పట్టుకున్నట్టు, మెత్తగా. అటు తిరిగి పడుకున్నాడు. రెండు రోజులకు పోయాడు.

దినాల నాడు చెల్లె అడిగింది, "ఆఖరుకు నీతోని ఏం మాట్లాడిండన్నా?" అని. చెప్పాను: నా చెయ్యి పట్టుకున్నాడనీ, పాత రోజులు తలచుకుని నవ్వాడనీ, "మళ్ల పోదాం బావా" అన్నాడనీ. ఆమె కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది. ఇన్ని రోజుల తర్వాత కొంచెం అన్నం తిన్నది. మా గల్లీ అంతా ఇప్పుడు ఆ మాటే చెప్పుకుంటోంది, ఎంత దోస్తానా అని.

ఆయన నా చెయ్యి పట్టుకోలేదు. నవ్వలేదు. అటు తిరిగి పడుకోబోయే ముందు ఒకటే అన్నాడు. "పో బావా," అన్నాడు.

రోజూ పొద్దున్నే లేచి ఆ "బావా"ను పట్టుకుని కూర్చుంటున్నాను. ఎంత కోపమున్నా బావా అన్నాడు కదా, అని. ఇక్కడిదాకా రాశాక అది కూడా చెప్పాలి. ఆయన "పో" అన్నాడు. "బావా" నేను కలిపాను.